నెల్లూరు సుబేదారు మహమ్మదు యూసఫ్ ఖాన్

నెల్లూరు పేరును బిరుదుగా ధరించి దక్షిణదేశమంతట ప్రసిద్ధికెక్కిన సేనాని యొకడు పదునెనిమిదవ శతాబ్దమున నుండెను. ఆతడు నెల్లూరున జన్మించినవాడు కాడు. మన సీమలో మరణించినవాడును కాడు. అయినను చిన్న యుద్యోగిగా ప్రవేశించి ఆతడు మెట్టుమెట్టుగా పైకి వచ్చినది నెల్లూరులోనే యగుటచేత, ఇంగ్లీషు కుంఫిణీవారి కాగితములయందు ఆతనిని నెల్లూరు సుబేదారని వ్రాయుట పరిపాటియయ్యెను. ఆతని పేరు మహమ్మదు యూసఫ్ ఖాన్. తమిళులు ఖాన్ సాహెబని చెప్పుకొందురు. కోటనుండి నెల్లూరు ఒకపూట ప్రయాణము. మన విద్యార్థులలో ఆ పట్టణమును చూడనివారు అరుదు. ఆ పట్టణపు పేరు మోసిన యీ వీరుని చరిత్రమును వినినవారును అంతే యరుదు. కావున ఆతని జీవితమును సంగ్రహముగా చెప్పబూనితిమి. ఒక పక్షమువారిచేత బంగారు పతకమును పొందిన సేనాని, తుదకు ఆ పక్షమువారి చేతులలోనే ఉరికంబమెక్కిన కథ యిది. ఇందు శౌర్యమెంత కలదో, ఆలోచింపవలసిన విషయమును అంత కలదు.

ఆ కాలపు స్థితిని ముందుగా తెలిసికొనవలెను. అప్పుడు నెల్లూరుసీమ ఆర్కాటు నవాబు పాలనలోనిది. 1749వ సంవత్సరమున ఆంబూరు యుద్ధములో నవాబు అన్వరుద్దీను కూలెను. ఆతని కుమారుడు మహమ్మదాలి పాఱిపోయి తిరుచునాపల్లి కోటలో తలదాచుకొనెను. చందాసాహెబు నవాబు పదవికై పోటీపడెను. పుదుచ్చేరిలోని ఫ్రెంచివారు చందాసాహెబునకును, చెన్నపట్టణములోని ఇంగ్లీషువారు మహమ్మదాలికిని తోడైరి. ఈ యిరుతెఱగులవారును వర్తకమునకై వచ్చినవారే. కాని దేశపు ప్రభువులు తమలో తాము పోరాడుచుండగా, వారు త్రాసును ప్రక్కనుంచి కత్తిని చేపట్టిరి. అట్టి కాలమున రైతునకు పంట దక్కుట దుర్లభము. వర్తకునకు బాట నడుచుట దుర్లభము. చేవగల పేదవానికి మాత్రము సైన్యము బ్రదుకుతెరువయ్యెను. ఒక్క సమరమున సామాన్యుడు సర్దారు కాగలడు; మఱునాడే ఆ సర్దారు తల నేల దొర్లగలదు.

యూసఫ్ ఖాన్ 1725 ప్రాంతమున రామనాథపురపు సీమలోని పనైయూరను గ్రామమున జన్మించెనని ప్రతీతి. ఆతని తల్లిదండ్రులు వెళ్లాల కులమునకు చెందిన హిందువులనియు, ఆతని తొలిపేరు మరుదనాయగమనియు తమిళదేశమున చెప్పుదురు. ఆతడు చిన్ననాడే యిల్లు విడిచి, మహమ్మదీయ మతమున చేరి, పుదుచ్చేరిలో ఫ్రెంచివారి యొద్ద కొంతకాలమును, తంజావూరున సిపాయిగా కొంతకాలమును గడపెనట. అచ్చట బ్రంటను అను నింగ్లీషు కెప్టెను ఆతని తెలివిని గుర్తించి చదువు చెప్పించెనని వాడుక. ధనముగాని, బంధుబలముగాని ఆతనికి లేదు. పలుభాషలు మాటలాడగల నోరును, అలసట నెఱుగని దేహమును, ఎచ్చటనైనను ఇమిడిపోగల బుద్ధియును మాత్రమే ఆతని మూలధనము.

ఆ మూలధనముతోనే ఆతడు ఉత్తరముగా వచ్చి నెల్లూరు చేరెను. అచ్చట మహమ్మదు కమాలను నాయకుడు కొంత సేనను పోషించుచుండెను. యూసఫ్ ఖాన్ ఆతని కొలువున ప్రవేశించి, మొదట శిస్తు వసూలు చేయు తండల్గారుగను, పిదప హవల్దారుగను, ఆ మీదట సుబేదారుగను ఎదిగెను. శిస్తు వసూలు చేయువాడు ఊరూర తిరుగవలెను. ఏ కల్లమున ఎంత ధాన్యమున్నదో, ఏ బాట వానకాలమున తెగిపోవునో, ఏ గ్రామపెద్ద మాట నమ్మదగినదో యెఱుగవలెను. ఉత్తరకాలమున దండునకు ధాన్యము చేర్చుటయందును, శత్రువుల జాడలు కనిపెట్టుటయందును ఆతనికి సాటివాడు లేకుండుటకు, మన నెల్లూరు పల్లెలలో నేర్చిన యీ పాఠమే పునాదియని మేము తలంచుచున్నాము. ఆతని తొలి యజమానుడైన కమాలు గతి మాత్రము వేఱు. ఆతడు నెల్లూరును వశపఱచుకొని, 1753వ సంవత్సరమున తిరుపతి దేవస్థానపు ఆదాయమును కోరి దండెత్తి, ఓడి, శిరస్సును కోల్పోయెను. అప్పటికే యూసఫ్ ఖాన్ మఱియొక మార్గమును పట్టి యుండెను.

1751వ సంవత్సరమున రాబర్టు క్లైవు కొద్దిపాటి సేనతో ఆర్కాటు కోటను పట్టుకొని, ఏబది దినముల ముట్టడికి ఓర్చి నిలిచెను. ఆ వార్త దేశమంతట ప్రాకెను. మఱుసటి సంవత్సరారంభమున కావేరిపాకము యుద్ధమునకు కొంచెము ముందుగా, యూసఫ్ ఖాన్ తన వెంటనున్న సిపాయీలతో క్లైవు కొలువున చేరెను. ఆతడు ధైర్యవంతుడే గాక, పోరు నడుమ తొట్రుపడనివాడనియు, యుక్తి పన్నుటయందు నేర్పరియనియు ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారులు వ్రాసిరి. తుపాకి కాల్చువారు ఆ దినములలో వేలకొలది దొరకుచుండిరి. తుపాకి నెప్పుడు కాల్పరాదో యెఱిగినవారు కొలదిమందియే.

1752 జూన్ నెలలో శ్రీరంగమున ఫ్రెంచి సేన లొంగిపోయెను. చందాసాహెబు తంజావూరు సేనాని చేత చిక్కి హతుడయ్యెను. యుద్ధము ముగిసినదని యెల్లరు తలంచిరి. కాని మహమ్మదాలి, తనకు సాయము వచ్చిన మైసూరువారికి తిరుచునాపల్లి నిచ్చెదనని రహస్యముగా మాటయిచ్చి, పని నెఱవేఱిన పిదప ఆ మాట తప్పెను. మైసూరు దళవాయి నంజరాజు కోపించి ఫ్రెంచివారితో కలిసి ఆ కోటనే చుట్టుముట్టెను. ఈ నవాబు మాట యెట్టిదో పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. ఆ ముట్టడి 1754వ సంవత్సరము వఱకు సాగెను. కోటలోని వారికి గుండ్లకంటె బియ్యము ముఖ్యమయ్యెను. తంజావూరు సీమనుండియు, పుదుక్కోట తొండమాను అడవులనుండియు ఎడ్లమీద ధాన్యము రావలెను. శత్రువుల గుఱ్ఱపుదళము దారి కాచుచుండును. ఆ ధాన్యపు బిడారులను తెచ్చు భారమును మేజరు స్ట్రింజరు లారెన్సు యూసఫ్ ఖానుపై నుంచెను. ఆతడు చీకటిలో బయలుదేఱి, దారులు మార్చి, వేగులవారిని ముందు పంపి, మాటిమాటికిని బియ్యపు బస్తాలతో మరలివచ్చుచుండెను. ఈ దేశమును, జనులను, శత్రువుల యెత్తుగడలను ఇంతగా నెఱిగినవాడు తన దండులో మఱియొకడు లేడని లారెన్సు మెచ్చుకొనెను.

కీర్తి వెంట అసూయ నడచుట లోకసహజము. లారెన్సు యొద్ద పొన్నియప్ప యను దుబాసి యుండెను. యూసఫ్ ఖాన్ మైసూరువారితో లోలోపల కుట్ర పన్నుచున్నట్లు తోపజేయు ఉత్తరమొకటి 1754వ సంవత్సరమున అధికారుల చేత పడెను. నిన్నటి వీరుడు నేడు ద్రోహియను అనుమానమునకు పాత్రుడయ్యెను. విచారణ నడచెను. ఆ యుత్తరము కల్పితమనియు, దాని వెనుక నున్నవాడు దుబాసియే యనియు తేలెను. పొన్నియప్పను ఫిరంగి నోట కట్టి పేల్చివేసిరి; యూసఫ్ ఖాన్ నిర్దోషిగా వెలువడెను. ఆనాడు ఆతని ప్రాణమును కాపాడినది అదృష్టము కాదు. నిందను విన్న వెంటనే నమ్మక, నిజానిజములను శోధించిన విచారణయే. పదియేండ్ల పిమ్మట అట్టి విచారణ ఆతనికి లభింపలేదు.

ఆ సంవత్సరముననే లారెన్సు సిఫారసుపై కుంఫిణీవారు ఆతనిని తమ సిపాయిదళముల కన్నింటికిని కమాండెంటుగా నియమించి, పిదప ఆతని సేవకు గుర్తుగా బంగారు పతకమును ప్రసాదించిరి. దేశీయుడైన సైనికునకు అట్టి గౌరవము ఆ దినములలో మిక్కిలి యరుదు. నెల్లూరున తండల్గారుగా నుండినవాడు ముప్పది యేండ్ల ప్రాయమునకు ఇంతటివాడయ్యెను.

1755వ సంవత్సరమున కర్నలు హెరాను మధుర, తిరునెల్వేలి సీమలలో నవాబు పేర పన్నులు వసూలు చేయుటకై సేనతో వెడలెను. యూసఫ్ ఖాన్ ఆతని వెంటనుండెను. హెరాను కోవిల్గుడి ఆలయమున విగ్రహములను కొల్లగొట్టెను. వానిని దైవములుగా కొలుచు కళ్లరులు, దండు మరలివచ్చునప్పుడు నత్తము కనుమలో దారికాచి, చెట్లచాటునుండి మీదపడి, అనేకులను చంపి, తమ విగ్రహములను తిరిగి తీసికొనిపోయిరి. హెరాను పిమ్మట సైనిక న్యాయసభచే శిక్షితుడై ఉద్యోగము కోల్పోయెను. జనుల హృదయమును గాయపఱచి దేశమును పాలింపజాలమని యూసఫ్ ఖాన్ అచ్చట నేర్చియుండును. ఆతడు తన పాలనలో చేసిన పనులే యిందుకు సాక్ష్యము.

అంతలో సప్తవర్ష సంగ్రామము తటస్థించెను. కౌంటు లాలీ ఫ్రెంచి సేనతో 1758 డిశంబరు నెలలో చెన్నపట్టణమును ముట్టడించెను. యూసఫ్ ఖానును దక్షిణమునుండి పిలిపించిరి. ఆతడు తన సిపాయీలతో చెంగల్పట్టు చేరి, కెప్టెను ప్రెస్టనను ఇంగ్లీషు అధికారితో కలిసి, ముట్టడించు సేనకు వచ్చు ధాన్యమును, పశువులను, మందుగుండును అడ్డగింపసాగెను. పరంగికొండ దాపున జరిగిన పోరులలో గెలుపోటములు రెండును కలవు. కాని తఱిమినకొలది మరలివచ్చి ముసరు ఈగలవలె ఈ దళములు తమను వేధించినవని ఫ్రెంచి సేనాపతియే మొఱపెట్టెను. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు రాగా లాలీ ముట్టడిని విడిచి వెడలెను. చెన్నపట్టణము దక్కుటకు కోటలోని ఫిరంగులెంత కారణమో, కోట వెలుపల తిరిగిన నెల్లూరు సుబేదారు అంత కారణము.

ఆ సంవత్సరమే ఆతడు మధుర, తిరునెల్వేలి సీమలకు పాలకుడై మరలిపోయెను. అచ్చట ఏండ్ల తరబడి రాజు లేని రాజ్యమైయుండెను. ఆతడు దారిదోపిళ్లను అణచి బాటలను క్షేమకరములు గావించెను. చెఱువులను, కాలువలను బాగుచేయించెను. నేతవాండ్రకును వర్తకులకును ఆసరా యిచ్చెను. తాను మహమ్మదీయుడయ్యును మధుర మీనాక్షి ఆలయమునకు పూర్వము నడచుచుండి ఆగిపోయిన ధనసహాయమును మరల నెలకొల్పెను. తూత్తుకుడిలోని డచ్చివారు 1760వ సంవత్సరమున దేశములోనికి చొచ్చుకొని రాగా వారిని వెనుకకు త్రోలెను. అయితే ఆతని చేయి మిక్కిలి కఠినము. కళ్లరులపైనను, పాలెగాండ్రపైనను ఆతడు కనికరము చూపలేదు. నెల్కట్టుంసెవల్ పాలెగాడైన పూలిదేవర తన స్వాతంత్ర్యమునకై యేండ్ల తరబడి పోరాడగా, 1761వ సంవత్సరమున ఆతని కోటలను పట్టుకొనినవాడు యూసఫ్ ఖానే. ఈ విషయమును దాచి ఆతనిని పొగడుట న్యాయము కాదు.

1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమయ్యెను. దానితో యూసఫ్ ఖాను తలరాత మాఱెను. శత్రువున్నంత కాలము శూరుడు కావలెను. శత్రువు పోయిన పిదప శూరుడు భారమగును. నవాబు మహమ్మదాలి ఆతనిపై చిరకాలముగా కన్నెఱ్ఱ చేసియుండెను. మధుర సీమ తనదియనియు, యూసఫ్ ఖాన్ తన సేవకుడు మాత్రమేయనియు ఆతని వాదము. కుంఫిణీవారికి నవాబు లక్షలకొలది బాకీపడియుండెను. ఆ బాకీ తీఱవలెనన్న నవాబు మాట చెల్లవలెను. కావున వారు తమ సేనానిని నవాబు చేతిక్రింద నుంచ నిశ్చయించిరి. తాను కొలిచినది కుంఫిణీని గాని నవాబును కాదని యూసఫ్ ఖాను తలంపు. మాట తప్పుట అలవాటైన ప్రభువునకు తన ప్రాణమును అప్పగించుటకు ఆతడు సమ్మతింపలేదు. సేనను కూర్చుకొనెను, మధుర కోటను బలపఱచెను, మార్చందను ఫ్రెంచి నాయకుని, ఆతని వెంటనున్న సైనికులను కొలువున చేర్చుకొని, తుదకు ఫ్రెంచి పతాకమునే యెత్తెను. 1763 పారిసు సంధిలో ఫ్రెంచివారు మహమ్మదాలినే నవాబుగా నంగీకరించిరి. దానితో ఆ పతాకము ఆతనికి నీడ నీయలేదు.

1763వ సంవత్సరమున కర్నలు మాన్సను సేనతో వచ్చి మధురను ముట్టడించెను. వానలు తోడగుటచేత ముట్టడి విఫలమై సేన వెనుకకు మరలెను. 1764వ సంవత్సరమున మేజరు కాంబెలు నాయకత్వమున మరల ముట్టడి సాగెను. జూన్ 26వ తేదీని ఇంగ్లీషువారు గోడలు బ్రద్దలుకొట్టి లోన చొరబడ యత్నింపగా, యూసఫ్ ఖాన్ స్వయముగా నిలిచి వారిని త్రోసివేసెను. ఆనాటి పోరున ప్రాణాంతకముగా గాయపడినవారిలో మేజరు ప్రెస్టను ఒకడు. అయిదేండ్ల క్రిందట చెంగల్పట్టున ఆతనితో భుజము కలిపి పోరాడిన ప్రెస్టనే యాతడు. నవాబునకును సేనానికిని గల వైరమున ఒకనాటి యిరువురు తోడివీరులు గోడకు చెఱియొక వైపున నిలువవలసి వచ్చెను.

ఆ ముట్టడి కాలమున తిరుచునాపల్లినుండి ష్వార్జు అను మిషనెరీ దండులోనికి వచ్చి గాయపడినవారికిని రోగులకును పరిచర్య చేసెను. నవాబు సంతసించి ఆతనికి మూడువందల వరహాలిచ్చెను. ష్వార్జు ఆ సొమ్మును తనకొఱకు వాడుకొనక తిరుచునాపల్లిలో అనాథ బాలుర బడికి వినియోగించెను. ఇందఱు చచ్చి యెందఱినో చంపిన ఆ రణరంగమున బాలుర చదువునకై మిగిలిన ఫలము ఇది యొక్కటియే.

గోడలను పగులగొట్టలేక కాంబెలు దారులన్నియు మూసివేసెను. కోటలో కఱవు ప్రబలెను. ఒకప్పుడు తిరుచునాపల్లికి బియ్యము తెచ్చి కోటను బ్రదికించిన వానికి, ఇప్పుడు తన కోటకు బియ్యము తెచ్చువాడు కఱవయ్యెను. ఆకలి విశ్వాసమును తినివేసెను. 1764 అక్టోబరు 13వ తేదీని మార్చందును, దివాను శ్రీనివాసరావును, మఱికొందఱును కలిసి తమ యజమానుని పట్టి బంధించిరి. నమాజు చేయు సమయమున ఆతనిపై పడిరని జనులు చెప్పుకొందురు. కత్తి పట్టి ఎదుర్కొను అవకాశమైన లేకుండ ఆ వీరుడు శత్రువుల చేత చిక్కెను. కాంబెలు ఆతనిని నవాబునకు అప్పగించెను. అక్టోబరు 15వ తేదీ సాయంకాలమున, మధుర వెలుపల, నవాబు ఆజ్ఞచేత ఆతనిని ఉరితీసిరి. అప్పటికాతని వయస్సు నలువది యేండ్లు. మధుర పడమటనున్న సమ్మట్టిపురమున ఆతని సమాధి కలదు. 1808వ సంవత్సరమున దానిపై చిన్న మసీదు నొకదానిని కట్టిరి.

అప్పటికి క్లైవు ఇంగ్లండునుండి మరల ఇండియాకు వచ్చుచు సముద్రప్రయాణమున నుండెను. ఆతని సుగుణములను మెచ్చి పైకి తెచ్చిన లారెన్సు మాత్రము చెన్నపట్టణముననే సేనాధిపతియై యుండెను. ఆతని మెప్పుగాని, బంగారు పతకముగాని యూసఫ్ ఖాను మెడకు త్రాటిని తప్పింపలేదు.

ఆతనిని ఏమని చెప్పవలెను? కుంఫిణీవారి పుస్తకములు ఆతనిని తిరుగుబాటుదారని వ్రాసినవి. తమిళదేశపు జనులు ఖాన్ సాహెబు యుద్ధమును కథాగేయముగా కట్టి వీరుడని పాడుకొనిరి. ఆతడు దేశస్వాతంత్ర్యమునకై పోరాడెనని కొందఱందురు; కాని పూలిదేవర వంటివారి స్వాతంత్ర్యమును అణచినది ఆతని కత్తియే యని మఱువరాదు. ఆతడు కేవలము ద్రోహియని కొందఱందురు. కాని పదియేండ్లు ప్రాణమొడ్డి కొలిచినవానిని, బాకీ వసూలునకై, ఆతనికి గిట్టనివాని చేతిలో పెట్టినవారి చర్యను ఏమని పిలువవలెను? మా యభిప్రాయమిది: యూసఫ్ ఖానును కూల్చినది పిఱికితనము కాదు, అసమర్థత కాదు. ఆతడు ఒక యజమానుని కొలిచితినని నమ్మెను; ఆ యజమానుడు ఆతనిని వెలకట్టి మాఱుగొనదగిన సరకుగా నెంచెను. వర్తకులు సేనానులను పోషించినప్పుడు లెక్కపుస్తకమే ధర్మశాస్త్రమగును.

ఆ నవాబును సుఖింపలేదు. మహమ్మదాలి అప్పులలో మునిగియే 1795వ సంవత్సరమున మరణించెను. 1801వ సంవత్సరమున కుంఫిణీవారు ఆతని వంశమువారి రాజ్యమునంతయు తీసికొనిరి. మన నెల్లూరుసీమయు అప్పుడే వారి యధీనమయ్యెను. సేవకుని బలియిచ్చి కాపాడుకొనిన సింహాసనము నలువదియేండ్లైనను నిలువలేదు.

విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మీరు ధైర్యమును నేర్చుకొనవచ్చును; పేదవాడు నేర్పుచేత ఎంత యెదుగగలడో తెలిసికొనవచ్చును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. రేపు మీలో కొందఱు ఒకరి క్రింద పనిచేయుదురు. కొందఱు పదిమందిచేత పని చేయించుదురు. పనిచేయువారు తమ బలము నెవరికి అరువిచ్చుచున్నారో చూచుకొనవలెను. పనిచేయించువారు, తమకై శ్రమించినవానిపై నింద వచ్చినప్పుడు, 1754లో తిరుచునాపల్లి దండులో జరిగినట్లు విచారింపవలెను గాని, 1764లో మధుర యెదుట జరిగినట్లు అప్పగింపరాదు. బంగారు పతకమును చూచి యూసఫ్ ఖాను గొప్పతనమును నిర్ణయింపకుడు. ఉరిత్రాటిని చూచి ఆతని తప్పును నిర్ణయింపకుడు. ఆతడు చేసిన పనులను తూచి చూడుడు. మన సీమ పేరు మోసిన ఆ సుబేదారునకు మనము తీర్చుకొనదగిన ఋణము అదియే.